ఇంట్లో ఫైర్‌ప్లేస్: సురక్షితమైన వాడకం, నిర్వహణపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఫైర్‌ప్లేస్ ఉన్నవారు, అది ఉన్న ఇంట్లోకి కొత్తగా మారినవారు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఎక్కువ భాగం కట్టెలతో మండే, ఇటుకతో కట్టిన ఫైర్‌ప్లేస్‌కు సంబంధించినది. గ్యాస్, ఇథనాల్ రకాల గురించి విడిగా కొంత ఉంది.

## వాడకం మొదలుపెట్టే ముందు

పాత ఇల్లు తీసుకున్నాము, అందులో ఫైర్‌ప్లేస్ ఉంది. ఒకసారి వెలిగించి చూడవచ్చా?

తనిఖీ చేయించకుండా వెలిగించకూడదు. మంట మండే గూడు శుభ్రంగా కనిపించినంత మాత్రాన దాని పైన ఉన్న పొగగొట్టం కూడా బాగుందని అనుకోవడానికి లేదు. ఏళ్ల తరబడి వాడని గొట్టంలో పక్షి గూళ్లు, ఊడిపడిన ఇటుక ముక్కలు, గట్టిపడిన మసి ఉండవచ్చు. కొన్ని ఇళ్లలో ఫైర్‌ప్లేస్‌ను అలంకారానికే ఉంచి, గొట్టాన్ని పైన పూర్తిగా మూసేసి ఉంటారు. గొట్టం లోపలి కాల్చిన మట్టి పూత గాని, పెంకుల వరుస గాని పగిలి ఉంటే, వేడి వాయువులు ఆ పగులు గుండా గోడలోని చెక్క దూలాల దాకా చేరతాయి. చెక్క ఏళ్ల తరబడి అలా వేడికి గురైతే మామూలుకంటే తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే "ఇన్నేళ్లూ ఏమీ కాలేదు" అన్న మాటను ఈ విషయంలో భరోసాగా తీసుకోకూడదు. పొగగొట్టాల పని తెలిసిన నిపుణుడి చేత గొట్టంలోకి కెమెరా దింపించి, వాడవచ్చని ఆయన చెప్పిన తర్వాతే మొదటి మంట వేయండి.

డ్యాంపర్ అంటే ఏమిటి? అది తెరిచి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

గూటికి, పొగగొట్టానికి మధ్య ఇరుకైన చోట ఉండే ఇనుప తలుపు డ్యాంపర్. కొన్ని ఇళ్లలో ఇది గొట్టం పైకొనలో ఉంటుంది, కింద వేలాడే గొలుసుతో తెరుస్తారు. పిడి ఎటు తిప్పితే తెరుచుకుంటుందో జ్ఞాపకం మీద ఆధారపడకండి. గూడు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు లోపలికి తల వంచి, టార్చి వేసి కంటితో చూడండి. తలుపు తెరిచి ఉంటే పైన చీకటి గొట్టం కనిపిస్తుంది, ముఖానికి గాలి తగులుతుంది. మంట వేసే ప్రతిసారీ, అగ్గిపుల్ల గీయకముందే ఇలా చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

ఫైర్‌ప్లేస్ చుట్టూ ఎంత స్థలం ఖాళీగా ఉంచాలి?

సోఫా, తెరలు, తివాచీ, కట్టెల బుట్ట, పుస్తకాలు, అంటుకునే స్వభావమున్న వస్తువు ఏదైనా సరే మంటకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. గూటి ముందు నేల రాయి, ఇటుక లేదా పలకలతో ఉండాలి. సాధారణంగా పాటించే నిర్మాణ నియమం ప్రకారం అది ముందువైపు కనీసం 40 సెంటీమీటర్లు, రెండు పక్కలా 20 సెంటీమీటర్ల చొప్పున విస్తరించాలి, గూటి నోరు పెద్దదైతే 50, 30 సెంటీమీటర్లకు పెరగాలి. చెక్క నేల మీద తివాచీ పరిచి, దాని అంచును గూటి దాకా లాగడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు.

ముందుగా ఏయే సామగ్రి సమకూర్చుకోవాలి?

ఇంట్లో ప్రతి అంతస్తులోనూ పొగ అలారం, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ రెండూ లేకుండా ఫైర్‌ప్లేస్ వాడవద్దని గట్టిగా చెబుతాము. వీటితోపాటు గూటి నోటిని పూర్తిగా కప్పే లోహపు జాలీ, పొడవాటి పటకారు, కట్టెలను కదిపే ఇనుప ఊచ, బూడిద ఎత్తే పార, మూత గట్టిగా పట్టే లోహపు బకెట్, వేడిని తట్టుకునే చేతి తొడుగులు, అందుబాటులో పొడి రకం అగ్నిమాపక సిలిండర్ ఉండాలి.

## కట్టెల ఎంపిక, నిల్వ

కట్టె బాగా ఎండిందని ఎలా గుర్తించాలి?

ఫైర్‌ప్లేస్‌తో వచ్చే ఇబ్బందుల్లో అధిక భాగం పచ్చి కట్టెతోనే మొదలవుతాయి కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. కొత్తగా నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. అలాంటి కట్టెలు 10 కిలోలు మంటలో వేస్తే, అందులోని 5 లీటర్ల నీరు ఆవిరయ్యేందుకే వేడి ఖర్చవుతుంది. మంట చల్లబడి, సరిగా కాలని పొగ గొట్టంలోకి చేరి, గోడలకు తారులా పేరుకుంటుంది. కాల్చడానికి తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి.

చూపుతో, చేతితో కూడా చాలావరకు పోల్చుకోవచ్చు. ఎండిన కట్టె కొసలు బూడిద రంగుకు తిరిగి, నడిమి నుంచి అంచుల వైపు పగుళ్లు చీలి ఉంటాయి. బెరడు గోటితో లాగితే చాలు ఊడివస్తుంది. రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొడితే టంగుమని మోగుతాయి, పచ్చివైతే మొద్దుగా ధప్‌మంటాయి. మండేటప్పుడు కొసల్లో నురగ బుసబుసమంటూ పొంగితే ఆ కట్టె ఇంకా పచ్చిదే. అనుమానం తీరాలంటే తేమ కొలిచే చిన్న మీటరు వాడవచ్చు, కానీ కట్టె పైభాగం ముందుగా ఆరుతుంది కాబట్టి అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద మొనలు గుచ్చి చూడాలి.

గట్టి కట్టె మంచిదా, మెత్తని కట్టె మంచిదా?

గట్టి కట్టె బరువుగా ఉండి నిదానంగా, ఎక్కువసేపు మండి మంచి నిప్పులు నిలుపుతుంది. మెత్తని కట్టె త్వరగా అంటుకుంటుంది కనుక మంట రాజేయడానికి పనికివస్తుంది. అందులో జిగురు ఎక్కువగా ఉండే రకాలు రవ్వలు ఎగజిమ్ముతాయి. అయితే పచ్చిగా ఉన్న మేలిరకం కట్టె కంటే బాగా ఎండిన మామూలు కట్టె ఎప్పుడూ నయం.

ఇంట్లో మిగిలిన చెక్క ముక్కలు, అట్టపెట్టెలు వేయవచ్చా?

రంగు వేసిన, వార్నిష్ పూసిన, చెద పట్టకుండా రసాయనాలు ఎక్కించిన చెక్క, ప్లైవుడ్, పార్టికల్ బోర్డు వేయకూడదు. రసాయనాలు ఎక్కించిన పాత చెక్కలో ఆర్సెనిక్, క్రోమియం ఉండవచ్చు. కాలిస్తే అవి పొగలోకీ బూడిదలోకీ చేరతాయి. సముద్రపు ఒడ్డున ఏరిన కొయ్యలో ఉప్పు ఉంటుంది, దాన్ని కాలిస్తే విషవాయువులు పుట్టడమే కాక ఇనుప భాగాలు తుప్పు పడతాయి. ప్లాస్టిక్, చెత్త, నిగనిగలాడే రంగు కాగితాలు అసలు వద్దు. అట్టపెట్టెలు, ఎండు కొమ్మల మోపులు ఒక్కసారిగా భగ్గుమని, మండుతున్న పెళ్లలు గొట్టంలోకి లేచి అక్కడి మసిని అంటించే ప్రమాదం ఉంది. బొగ్గుల కుంపటి గూట్లో పెట్టడం కూడా మంచిది కాదు, బొగ్గు పొగ కనిపించకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది.

కట్టెలు ఎక్కడ, ఎలా పేర్చాలి?

నేలకు ఆనకుండా ఎత్తు మీద, ఇంటి గోడకు దూరంగా, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడేలా పేర్చాలి. చుట్టూ పట్టా బిగిస్తే తేమ లోపలే నిలిచి కట్టె కుళ్లుతుంది. చీల్చిన కట్టె ఆరడానికి కనీసం ఆరు నెలలు, గట్టి రకాలకు ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఇంట్లోకి ఒకటి రెండు రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకుంటే చెదలు, పురుగులు లోపలికి రావు.

## వెలిగించేటప్పుడు

వెలిగించగానే గది నిండా పొగ కమ్ముకుంటోంది. కారణం ఏమిటి?

ముందుగా డ్యాంపర్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాలి. అది తెరిచే ఉంటే, చాలాసార్లు కారణం గొట్టంలో నిలిచి ఉన్న చల్లని గాలి. ఆ గాలి బరువుగా కిందికి దిగుతూ, పైకి వెళ్లాల్సిన పొగను గదిలోకి నెడుతుంది. ఒక దినపత్రిక కాగితాన్ని వదులుగా చుట్టి, వెలిగించి, తెరిచిన డ్యాంపర్ కింద ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. మొదట మంట నాలుక ముందుకు, గది వైపుకు వాలుతుంది. కాసేపటికి నిటారుగా లేచి పైకి లాగుతుంది. అలా లాగడం మొదలయ్యాకే కట్టెలకు నిప్పు అంటించాలి.

అలా చేసినా పొగ తగ్గకపోతే ఇంట్లోని గాలి ఒత్తిడిని చూడాలి. వంటగదిలోనో, స్నానాల గదిలోనో గాలిని బయటికి తోసే ఫ్యాన్ తిరుగుతుంటే, ఆ వెలితిని పూడ్చడానికి గాలి పొగగొట్టం గుండానే లోపలికి దిగుతుంది. ఫ్యాన్లు ఆపి, దగ్గరలో ఉన్న కిటికీని కాస్త తెరిచి చూడండి. ప్రతిసారీ ఇదే సమస్య వస్తుంటే గొట్టం పూడిపోయి ఉండవచ్చు, లేదా గూటి నోటి పరిమాణానికి తగినంత వెడల్పు గొట్టానికి లేకపోవచ్చు, లేదా గొట్టం ఎత్తు చాలకపోవచ్చు. పైకప్పును చీల్చుకుని వచ్చిన చోటు నుంచి గొట్టం కనీసం 90 సెంటీమీటర్లు లేవాలని, చుట్టూ 3 మీటర్ల లోపు ఉన్న దేనికంటేనైనా 60 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండాలని నియమం. వీటిని సరిచేయడం నిపుణుల పని.

మంట ఎలా పేర్చితే తక్కువ పొగ వస్తుంది?

అడుగున లావు కట్టెలను, వాటి మీద సన్నవాటిని, అన్నిటికంటే పైన చితుకులను, నలిపిన కాగితాన్ని పెట్టి పైనుంచి అంటించండి. మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది. కింది కట్టెల నుంచి లేచే పొగ పైనున్న మంటలోంచే వెళ్లాలి కనుక చాలావరకు అక్కడే కాలిపోతుంది. కట్టెలను గూటి వెనక గోడకు దగ్గరగా, ఇనుప స్టాండు మీద పెట్టాలి.

త్వరగా అంటుకోవడానికి కొంచెం కిరసనాయిలు పోయవచ్చా?

కిరసనాయిలు, పెట్రోలు, స్పిరిట్, మరే మండే ద్రవమైనా పోయకూడదు. వాటి ఆవిరి గదిలోకి వ్యాపించి ఒక్కసారిగా భగ్గుమంటుంది, ఆరిపోయినట్లు కనిపించే నిప్పుల మీద పోస్తే మరింత ప్రమాదం. ఎండు చితుకులు ఉంటే వీటి అవసరమే రాదు.

## మంట మండుతున్నప్పుడు

రాత్రంతా వేడి నిలవాలని మంటను తగ్గించి, కట్టెలు నిదానంగా కాలేలా చేయవచ్చా?

ఇది మేలు చేసే పద్ధతిలా కనిపిస్తుంది గాని నిజానికి హాని ఎక్కువ. గాలి అందక పొగలు కక్కుతూ కాలే కట్టె గొట్టంలో తారును పేర్చుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌నూ ఎక్కువగా పుట్టిస్తుంది. చిన్నదైనా ప్రకాశవంతంగా మండే మంటే మంచిది. అలాగని గూడు నిండా కట్టెలు కూరి పెద్ద మంట వేస్తే ఇటుకలు చిట్లుతాయి, గొట్టం హద్దు మీరి వేడెక్కుతుంది. బయటికి వెళ్లి గొట్టం పైకొన చూడండి: మంట బాగా అందుకున్నాక పొగ కనిపించీ కనిపించనట్లు ఉండాలి, నల్లగా, దట్టంగా వస్తుంటే మంట సరిగా కాలడం లేదు.

ఇంత మంట మండుతున్నా గది ఎందుకు వేడెక్కడం లేదు?

తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ కట్టెలోని వేడిలో చిన్న భాగాన్నే గదికి ఇస్తుంది. మంటతోపాటు గదిలోని వెచ్చని గాలి కూడా గొట్టం గుండా బయటికి పోతుంది, ఆ మేరకు చల్లగాలి తలుపుల సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందుకే మంట ముందు కూర్చున్నవారికి సెగ తగులుతున్నా పక్కగదులు మునుపటికంటే చల్లబడవచ్చు. 1790లలో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త గూటి లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలుగా మార్చి, పొగ వెళ్లే నోటిని ఇరుకు చేసి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దాడు. ఆయన పద్ధతిలో కట్టిన గూళ్లు ఈనాటికీ ఎక్కువ సెగ ఇస్తాయి. ఇల్లంతా వేడెక్కడమే మీ ఉద్దేశమైతే, గూటిలో అమర్చే మూత ఉన్న ఇనుప స్టవ్ గురించి ఆలోచించడం మేలు.

మంట ముందు కూర్చుంటే తలనొప్పి వస్తోంది. పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం, తికమక దీని మొదటి లక్షణాలు. ఇంట్లో ఒకరికి మించి ఇవే లక్షణాలు కనిపించినా, బయటికి వెళ్తే తగ్గి లోపలికి వస్తే మళ్లీ మొదలైనా ఈ వాయువునే అనుమానించాలి. అందరూ, పెంపుడు జంతువులతో సహా, వెంటనే బయటికి రావాలి. అత్యవసర సేవలకు బయటి నుంచే ఫోన్ చేసి, వైద్యుడిని కలవాలి. కిటికీ తెరిచి లోపలే కూర్చోవడం సరిపోదు. నిద్రలో ఈ లక్షణాలు తెలియవు కాబట్టి అలారం పనిచేస్తోందో లేదో నెలకోసారి మీట నొక్కి చూడాలి.

గాజు తలుపులు మూసి మంట వేయవచ్చా?

తలుపుల తయారీదారు సూచనలనే పాటించాలి. చాలా ఫైర్‌ప్లేస్‌లకు బిగించే టెంపర్డ్ గాజు పెద్ద మంట వేడికి పగలవచ్చు, అందుకే మంట జోరుగా ఉన్నప్పుడు తలుపులు తెరిచి, జాలీని మూసి ఉంచమంటారు. సిరామిక్ గాజు ఎక్కువ వేడిని తట్టుకుంటుంది.

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఏ జాగ్రత్త తీసుకోవాలి?

గూటికి ఎడంగా, గోడకు బిగించిన కంచె ఉండాలి. పిల్లవాడు పట్టుకుని లేచి నిలబడినా కదలకూడదు. గాజు తలుపు మంట ఆరిన తర్వాత కూడా చాలాసేపు చర్మం కాలేంత వేడిగా ఉంటుంది, పిల్లల కాలిన గాయాలకు అరచేతితో గాజును తాకడం ఒక ప్రధాన కారణం. అగ్గిపెట్టె, లైటరు వారికి అందని చోట పెట్టి, మంట ఉన్నంతసేపూ పెద్దవారు గదిలోనే ఉండాలి.

ఫైర్‌ప్లేస్ పైన టీవీ బిగించవచ్చా?

ఆ చోట గోడ ఎంత వేడెక్కుతుందో మంట మండుతుండగా థర్మామీటరు పెట్టి కొలిచి, టీవీ తయారీదారు చెప్పిన హద్దుతో పోల్చి నిర్ణయించాలి. గూటి నోటికి 15 సెంటీమీటర్ల లోపు చెక్క పలక, అలంకరణ వంటివి ఏవీ ఉండకూడదు.

## మంట ఆరాక

పడుకునే ముందు నిప్పుల మీద నీళ్లు చల్లవచ్చా?

చల్లవద్దు. వేడెక్కిన ఇటుకలు ఒక్కసారిగా చల్లబడి పగులుతాయి, ఆవిరితోపాటు బూడిద గదంతా చిమ్ముతుంది. నిద్రవేళకు కనీసం గంట రెండు గంటల ముందే కొత్త కట్టెలు వేయడం ఆపి, మిగిలిన నిప్పులను ఊచతో పల్చగా పరిచి, జాలీ మూసి ఆరనివ్వాలి. మంట ఎగసిపడుతుండగా ఇల్లు విడిచి వెళ్లకూడదు, నిద్రపోకూడదు.

డ్యాంపర్ ఎప్పుడు మూయాలి?

బూడిదలో వెచ్చదనం పూర్తిగా పోయాకే, మామూలుగా మర్నాడు, మూయాలి. మంట కనిపించడం లేదని, చల్లగాలి లోపలికి వస్తోందని రాత్రే మూసేయడం ప్రాణాంతకం కావచ్చు: ఎర్రని నిప్పులు పొగ లేకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతాయి, గొట్టం మూసుకుంటే అది నేరుగా పడకగదుల్లోకి చేరుతుంది.

బూడిదను ఎప్పుడు, ఎలా తీయాలి?

నివురుగప్పిన నిప్పు నాలుగు రోజుల వరకు కూడా చావకుండా ఉండగలదు. చేయి పెడితే చల్లగా తగిలే బూడిద అడుగున ఎర్రని కణిక ఉండవచ్చు. దాన్ని అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో వేసి వసారాలో పెట్టడం వల్ల ఇళ్లు అంటుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. బూడిదను లోహపు పారతో ఎత్తి, మూత ఉన్న లోహపు బకెట్‌లో వేసి, ఇంటికీ చెక్క వరండాకూ కనీసం 3 మీటర్ల దూరంలో, ఆరుబయట మట్టి నేల మీద పెట్టండి. మామూలు వాక్యూమ్ క్లీనరు వాడితే లోపలి సంచి అంటుకోవచ్చు, సన్నని బూడిద వడపోతను దాటి గదిలోకి వస్తుంది. గూట్లో రెండు మూడు సెంటీమీటర్ల బూడిద పొరను వదిలేస్తే వేడి నిలిచి తరువాతి మంట తేలికగా అందుకుంటుంది. మంట వేసే కాలం ముగిశాక మాత్రం, తేమ పీల్చి ఇనుమును తినేయకుండా, మొత్తం తీసేయాలి.

కట్టెల బూడిద మొక్కలకు వేయవచ్చా?

శుభ్రమైన కట్టె బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి, కొద్దిగా వేయవచ్చు. అది నేల క్షారగుణాన్ని పెంచుతుంది కాబట్టి ఆమ్ల నేలను కోరే మొక్కలకు వద్దు.

## ఏటేటా చేయించాల్సిన పనులు

పొగగొట్టాన్ని ఎంతకాలానికి ఒకసారి శుభ్రం చేయించాలి?

తనిఖీ ఏడాదికోసారి తప్పనిసరి, కొద్దిసార్లే వాడినా సరే. పక్షులు గూళ్లు కట్టడానికి, పైకప్పు దగ్గర గార చెడిపోవడానికి మంటతో పని లేదు. గోడలకు పేరుకున్న మసి 3 మిల్లీమీటర్ల మందానికి చేరితే శుభ్రం చేయించాల్సిందే. మంటలు మొదలుపెట్టే కాలానికి ముందే ఈ పని ముగిస్తే మరమ్మతుకు వ్యవధి ఉంటుంది.

మసిలో రకాలు ఉంటాయా? దేని గురించి ఎక్కువగా భయపడాలి?

మొదటిది పొడిలా రాలే మసి, బ్రష్‌తో పోతుంది. రెండవది నల్లని పెళుసు పెళ్లలుగా ఉంటుంది, గీకాలి. మూడవది కరిగిన తారు గడ్డకట్టినట్లు, టార్చి వెలుగు పడితే నల్లగా తళతళలాడుతూ గోడకు అతుక్కుపోయి ఉంటుంది. బ్రష్ దాని మీద జారిపోతుంది. ఇదే అత్యంత ప్రమాదకరం, ఒకసారి అంటుకుంటే 1,000 డిగ్రీల సెల్సియస్ దాటే వేడితో మండగలదు. దీన్ని నిపుణులు రసాయనాలతో మెత్తబరిచి, ప్రత్యేక పరికరాలతో తొలగిస్తారు. కొన్నిసార్లు లోపలి గొట్టాన్నే మార్చాల్సి వస్తుంది.

నేనే శుభ్రం చేసుకోవచ్చా? మసి పోగొట్టే పొడులు సరిపోతాయా?

గొట్టం కొలతకు సరిపడే బ్రష్, మాస్కు, కళ్లద్దాలు, పైకప్పు మీద భద్రంగా నిలబడే వీలు ఉంటే పొడి మసిని తీయవచ్చు. అయితే శుభ్రం చేయడం వేరు, పగుళ్లను గుర్తించడం వేరు. రెండవ దానికి అనుభవం ఉన్న కన్ను కావాలి. మంటలో వేసే పొడులు, దుంగలు తారును కొంత పెళుసుగా మారుస్తాయి గాని తొలగించవు, అవి బ్రష్‌కు బదులు కావు.

వానాకాలంలో ఫైర్‌ప్లేస్ నుంచి ఘాటైన వాసన వస్తోంది. ఎందుకు?

గొట్టంలోకి దిగిన తేమ మసితో కలిసినప్పుడు ఆ వాసన వస్తుంది. మసి తీయించి, గొట్టం పైకొనకు జాలీతో కూడిన టోపీ పెట్టించండి. అది వాననూ పక్షులనూ ఆపుతుంది, రవ్వలు పైకప్పు మీద పడకుండా చూస్తుంది. గొట్టం తలమీది సిమెంటు పూతలో పగుళ్లు, పైకప్పుతో కలిసే చోట బిగించిన రేకుల్లో సందులు ఉన్నాయేమో కూడా చూపించాలి.

గూటి లోపలి ఇటుకల మధ్య గార రాలుతోంది. మామూలు సిమెంటుతో పూడ్చవచ్చా?

పూడ్చవద్దు, అది ఆ వేడికి నిలవదు. అగ్ని ఇటుకల కోసం తయారైన, వేడిని తట్టుకునే గారనే వాడాలి. వెంట్రుకవాసి పగుళ్లు సాధారణం. సందులోకి నాణెం అంచు దూరేంత ఉంటే మరమ్మతు అయ్యేదాకా మంట వేయకండి.

## గ్యాస్, ఇథనాల్ రకాలు

గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కు కూడా తనిఖీ అవసరమా?

అవసరమే. మసి తక్కువైనా, పొగగొట్టం పూడుకుపోవడం, గొట్టాల లీకులు, బర్నర్ మూసుకుపోవడం దీనికీ ఉంటాయి. కృత్రిమ దుంగల మీద నల్లని మసి పడుతుంటే గ్యాస్ సరిగా మండడం లేదని అర్థం. కట్టెల గూట్లో గ్యాస్ దుంగలు అమర్చినప్పుడు డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా అడ్డు బిగించాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వెళ్లి ఫోన్ చేయాలి.

ఇథనాల్ ఫైర్‌ప్లేస్‌కు పొగగొట్టం లేదు కదా, అది పూర్తిగా సురక్షితమేనా?

కాదు. ఇథనాల్ మంట వెలుతురులో సరిగా కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ ఇంధనం పోసినప్పుడు ఆవిరి అంటుకుని, మంట సీసాలోకి పాకి, పోస్తున్నవారి మీదికి ఎగజిమ్ముతుంది. బర్నర్ పూర్తిగా చల్లబడ్డాకే నింపాలి, ఒలికిన చుక్కలను తుడవాలి. ఇది గదిలోని ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కాబట్టి గాలి ఆడే పెద్ద గది కావాలి.

## ప్రమాదం జరిగినప్పుడు

పొగగొట్టంలో మంట అంటుకుందని ఎలా తెలుస్తుంది? అప్పుడు ఏం చేయాలి?

గొట్టంలోంచి పెద్ద హోరు, చిటపటలు వినిపిస్తాయి; పైకొన నుంచి దట్టమైన పొగ, మంటలు, రవ్వలు లేస్తాయి; గోడ ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. ముందు ఇంట్లోవారందరినీ బయటికి పంపి, అగ్నిమాపక దళానికి ఫోన్ చేయాలి. దారిలో ఏ అపాయమూ లేకుండా చేయగలిగితే గాజు తలుపులు మూసి గాలిని తగ్గించవచ్చు. గొట్టంలో నీళ్లు పోయవద్దు, వేడి గొట్టం పగిలి మంట ఇంట్లోకి వ్యాపిస్తుంది. పైకప్పు ఎక్కవద్దు.

మంట దానంతటదే ఆరిపోయింది, బయటికి ఏ నష్టమూ కనిపించడం లేదు. మళ్లీ వాడవచ్చా?

వాడకూడదు. ఆరిపోయినట్లు కనిపించినా గోడలోని చెక్క లోలోపల రాజుకుంటూ ఉండవచ్చు కాబట్టి అగ్నిమాపక సిబ్బంది వచ్చి చూసేదాకా ఇంట్లోకి వెళ్లకండి. ఆ తర్వాత గొట్టం మొత్తాన్ని కెమెరాతో పరీక్ష చేయించాలి. కొన్ని మంటలు హోరు లేకుండా నెమ్మదిగా కాలిపోతాయి, ఇంట్లోవారికి తెలియను కూడా తెలియవు. ఉబ్బి తేలికైన మసి పెళ్లలు, వంకరపోయిన డ్యాంపర్, పగిలిన పెంకులు తనిఖీలో బయటపడితే అలాంటి మంట ఎప్పుడో వచ్చి వెళ్లిందని గుర్తిస్తారు. పగిలిన గొట్టం రెండవ మంటను ఆపలేదు. మరమ్మతు పూర్తయి, వాడవచ్చని నిపుణుడు రాతపూర్వకంగా ఇచ్చేవరకు గూటిలో కట్టె పెట్టకండి.